బల్బు వెలిగే సీన్ గురించి అడిగావు కాబట్టి

తమ్ముడూ, నువ్వడిగింది రెండు విషయాలు. ఊరికి మొదటిసారి కరెంటు వచ్చిన రోజు మీద షార్ట్ ఫిల్మ్ తీస్తున్నావు, అందులో బల్బు వెలిగే షాట్ ఎలా తీయాలో పాలుపోవడం లేదు. దానికోసమని కరెంటు పరిశోధకులైన ఎడిసన్ మీద, టెస్లా మీద వచ్చిన సినిమాలు వరసపెట్టి చూశావు, ఒక్కటీ మనసుకి పట్టలేదు, తప్పు నీదా సినిమాలదా అని అడుగుతున్నావు. ముందు రెండోదానికి చెప్తాను, ఎందుకంటే అది అర్థమైతే మొదటిదానికి సగం జవాబు దొరికినట్టే.

నా సంగతి రెండు మాటల్లో. 1979లో మద్రాసు వడపళనిలో లైట్ బాయ్‌గా చేరాను, ఆ తర్వాత హైదరాబాద్ వచ్చేశాను, మొత్తం ముప్పయ్యొక్క ఏళ్ళు లైట్ డిపార్ట్‌మెంట్‌లోనే. కెమెరామెన్ ఏం ఆలోచించాడో నేను చెప్పలేను గానీ, ఆ ఆలోచన కోసం నిచ్చెన ఎక్కిందీ, కేబుల్ మోసిందీ, డిమ్మర్ (వెలుగుని పెంచే, తగ్గించే మర) తిప్పిందీ మేమే. కాబట్టి ఈ జవాబు కింద నుంచి చూసినవాడిది.

తప్పు సినిమాలదే. బల్బు అనేది హీరోగా పనికిరాదు. వెలగక ముందు అది గాజుబుడ్డి, వెలిగాక కళ్ళు జిగేల్‌మనిపించే తెల్లటి చుక్క, ఈ రెంటి మధ్యలో నటన లేదు. అందుకే ఎడిసన్ మీద సినిమా తీసే ప్రతివాడూ ఒకే రాత్రిని పట్టుకుంటాడు. చీకటి ల్యాబు, చుట్టూ అలసిపోయిన మొహాలు, దారం వెలిగింది, ఆరలేదు, ఇంకా ఆరలేదు, సంగీతం. ఆ రాత్రి నిజంగా ఉంది, కాదనను. 1879 అక్టోబర్ 21, 22 తేదీల్లో న్యూజెర్సీలోని మెన్లో పార్కులో, కుట్టుపని చేసుకునే నూలుదారాన్ని బొగ్గుగా మాడ్చి గాజులో పెడితే వెలిగింది. ల్యాబు నోటు పుస్తకాల ప్రకారం పదమూడున్నర గంటలు. జనం నోట్లో మాత్రం అది నలభై గంటలైంది, ఎందుకంటే నలభై చెప్పుకోవడానికి బాగుంటుంది. ఇంకో ముక్క చాలామందికి తెలియదు, ఆ డిసెంబర్ 31న రైళ్ళెక్కి వచ్చిన జనానికి ఎడిసన్ చూపించిన దీపాల్లో ఉన్నది ఆ దారం కాదు, మాడ్చిన అట్టముక్క. ఆ తర్వాత ఏడాది వెదురుకి మారాడు, జపాన్‌లో క్యోటో దగ్గర పెరిగే వెదురు, అది వెయ్యి గంటలు దాటి నిలబడింది. అంటే కథలో ఉన్న దారం నిజంగా పని చేసింది కొద్ది వారాలే.

అసలా దారం కూడా కాదు గొడవ. గాజులోంచి గాలి మొత్తం లాగేయడమే అసలు తంటా. గాలి మిగిలితే ఎంత మంచి ఫిలమెంటైనా (బల్బు లోపల వెలిగే దారం) మాడి మసైపోతుంది. పాదరసంతో నడిచే స్ప్రెంగెల్ పంపు దొరికాకే అటు ఇంగ్లండ్‌లో జోసెఫ్ స్వాన్‌కీ ఇటు ఎడిసన్‌కీ పని ముందుకు జరిగింది. స్వాన్ 1879 ఫిబ్రవరిలోనే న్యూకాజిల్‌లో దీపం చూపించాడు, తర్వాత ఇద్దరూ కోర్టుల్లో కొట్టుకోవడం దండగని 1883లో ఇంగ్లండ్‌లో కంపెనీలు కలిపేసుకుని ఎడిస్వాన్ అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు చెప్పు, గాజుగొట్టంలో పాదరసం చుక్కలు చుక్కలుగా జారుతూ గంటల తరబడి గాలిని లాక్కెళ్ళడం, దాన్నెలా సినిమా తీస్తావు? తీయొచ్చు అనే నేను అంటాను. ఎవరూ తీయలేదంతే.

నన్నడిగితే ఎడిసన్ గొప్పతనం బల్బులో లేదు. 1882 సెప్టెంబర్ 4న న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో స్విచ్ వేసినప్పుడు వెలిగినవి దాదాపు 400 దీపాలు. ఆ 400 దీపాల వెనకాల కరెంటు పుట్టించే డైనమోలు, వీధుల కింద తవ్వి పూడ్చిన తీగలు, ఫ్యూజులు, మరతో బిగించే సాకెట్టు, ఇవన్నీ కొత్తగా చేసుకోవాల్సి వచ్చింది. అన్నిటికన్నా నాకిష్టమైనది మీటరు. ఆ రోజుల్లో మీటరంటే ఒక సీసా, అందులో జింకు రేకులు. కరెంటు పోయేకొద్దీ ఒక రేకు మీద నుంచి జింకు కరిగి ఇంకో రేకు మీద పేరుకుంటుంది. మనిషి ఇంటింటికీ వచ్చి ఆ రేకులు పట్టుకెళ్ళి తూకం వేసి బిల్లు రాసేవాడు. కరెంటుని త్రాసులో తూచడం! దాని మీద ఎవడైనా సినిమా తీస్తే మొదటి టికెట్ నాదే.

కానీ సినిమావాళ్ళకి కావలసింది ఆ రాత్రే. ఇంకో తమాషా చెప్తాను. 1929 అక్టోబర్ 21న, యాభై ఏళ్ళ పండగ అని హెన్రీ ఫోర్డ్ డియర్‌బోర్న్‌లో పెద్ద జాతర చేశాడు. మెన్లో పార్కు ల్యాబుని న్యూజెర్సీ నుంచి మట్టితో సహా తెచ్చి మిషిగన్‌లో మళ్ళీ నిలబెట్టాడు. అమెరికా అధ్యక్షుడు హూవర్ వచ్చాడు, 82 ఏళ్ళ ఎడిసన్ చేత దీపం మళ్ళీ వెలిగించారు, రేడియోలో దేశమంతా విన్నారు. ఎడిసన్ కూర్చున్న కుర్చీకి ఆయన లేచిన తర్వాత ఫోర్డ్ నేలకి మేకులు కొట్టించేశాడట, ఎవరూ కదపకుండా. అంటే చూడు, సినిమావాళ్ళు పుట్టించకముందే ఆ రాత్రి సెట్ అయిపోయింది, ఆర్ట్ డైరెక్టర్ ఫోర్డ్, హీరో స్వయంగా ఎడిసన్. 1940లో స్పెన్సర్ ట్రేసీతో తీసిన ఎడిసన్ సినిమా కూడా ఆ పండగ విందుతోనే మొదలై వెనక్కి వెళ్తుంది. అదే ఏడాది మిక్కీ రూనీని పెట్టి ఎడిసన్ చిన్నతనం మీద ఇంకో సినిమా కూడా వదిలారు. రెండూ పాఠ్యపుస్తకాల్లాగే ఉంటాయి, పిల్లలకి చూపించొచ్చు, అంతకంటే ఆశపడకు.

నువ్వు ‘ద కరెంట్ వార్’ బోర్ కొట్టిందన్నావు. ఏ వెర్షన్ చూశావో కూడా చూసుకో. 2017లో టొరంటో ఫెస్టివల్‌లో వేసింది ఒకటి, నిర్మాత మీద ఆరోపణలొచ్చి కంపెనీ కూలిపోయి సినిమా రెండేళ్ళు డబ్బాలో పడి, డైరెక్టర్ మళ్ళీ కత్తిరించి కొత్త సీన్లు కలిపి 2019లో వదిలింది ఇంకొకటి. రెండోదే కొంచెం నయం. అయినా అందులో కెమెరా కుదురుగా ఒక్క క్షణం ఉండదు, చీకటి నుంచి వెలుగుకి మారడాన్ని మనల్ని చూడనివ్వదు, టెన్షన్ పుట్టించాలని తిరుగుతూనే ఉంటుంది. కథ మాత్రం మంచిదే. ఎడిసన్‌ది డీసీ (ఒకే దిక్కులో పారే కరెంటు), ఆయనకి పోటీగా వచ్చిన వెస్టింగ్‌హౌస్‌ది ఏసీ (దిక్కు మారుతూ పారే కరెంటు), మధ్యలో 1890లో ఆబర్న్ జైల్లో మొదటి ఎలక్ట్రిక్ కుర్చీ, చివరికి 1893 షికాగో ప్రదర్శనలో లైట్లన్నీ వెస్టింగ్‌హౌస్‌కి దక్కడం. ఆ ప్రదర్శనకి ఎడిసన్ పేటెంటు అడ్డొస్తే వెస్టింగ్‌హౌస్ మనుషులు సీసాకి బిరడా పెట్టినట్టు రెండు ముక్కల బల్బు చేశారు. ఎక్కువ కాలం వెలగదు, అయినా ప్రదర్శన గట్టెక్కింది. మా సెట్టులో కూడా రోజూ జరిగేది అదే, ‘ఈ షాట్ అయ్యేదాకా నిలబడితే చాలు’.

ఈ సందర్భంలోనే ఏనుగు గురించి ఎవరో కింద కామెంటులో రాశారు, ఏసీ ప్రమాదమని చూపించడానికి ఎడిసన్ ఏనుగుని చంపి సినిమా తీశాడని. అది తప్పు. టాప్సీ అనే ఆ ఏనుగుని న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో చంపింది 1903 జనవరి 4న. కరెంట్ల పోరాటం ముగిసి అప్పటికి పదేళ్ళు. ఎడిసన్ పేరున్న కంపెనీ కెమెరా అక్కడుంది నిజమే, ఆయన ఉన్నట్టు మాత్రం ఆధారం లేదు. నిమిషం పైచిలుకు ఉండే ఆ ముక్క నేను ఒక్కసారే చూశాను, మళ్ళీ చూడను.

ఇక టెస్లా. ఆయన మీద సినిమాలన్నిటికీ మూలం ఒక ఫొటో. కొలరాడో స్ప్రింగ్స్ ల్యాబులో ఆయన కుర్చీలో కూర్చుని తాపీగా పుస్తకం చదువుకుంటుంటే పక్కనే పిడుగుల్లాంటి మెరుపులు. 1899 చివర్లో తీసింది. అది ఒకే ప్లేటు మీద రెండుసార్లు తీసిన బొమ్మ, చీకట్లో మెరుపులు వేరుగా, మెరుపులు ఆపేశాక మనిషిని వేరుగా. మన పౌరాణికాల్లో నారదుడు మాయమయ్యే ట్రిక్కుకీ దానికీ తేడా లేదు. నాకు ఆ విషయం తెలిసిన రోజు భలే నవ్వొచ్చింది, పాపం సైన్సు పుస్తకాల్లో వేసుకునే ఫొటో కూడా మా డిపార్ట్‌మెంట్ పనేనన్నమాట. తర్వాత 1931లో ఫ్రాంకెన్‌స్టైన్ సినిమాకి కెన్నెత్ స్ట్రిక్‌ఫాడెన్ అనే ఆయన చిటపటలాడే కాయిళ్ళు, తిరిగే చక్రాలు, నిప్పురవ్వల గోళాలు తయారుచేశాడు. 1818 నాటి ఆ నవలలో శవానికి ప్రాణం ఎలా పోశాడో సరిగ్గా చెప్పనేలేదు, ఒక్క నిప్పురవ్వ అని రాసి వదిలేసింది రచయిత్రి మేరీ షెల్లీ. ఆ ఒక్క మాటకి స్ట్రిక్‌ఫాడెన్ ఓ గదినిండా సామాను చేశాడు. అప్పటినుంచి శాస్త్రవేత్త అంటే రవ్వలే. అదే సామాను 1974లో ఆ కథ మీద తీసిన కామెడీ సినిమాకి మళ్ళీ అద్దెకి తెచ్చుకున్నారు, చూడు ఎంత గట్టివో.

దీనికి పూర్తిగా ఎదురుగా మనవాళ్ళు ఒకటి చేశారు. మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె. మూత తీస్తే చాలు, శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు, మాట్లాడతాడు. రవ్వ లేదు, తీగ లేదు, మోత లేదు. 1957లో వీడియో కాల్! కెమెరామెన్ మార్కస్ బార్ట్‌లీ వెలుగులో అది మంత్రమో యంత్రమో ఎవరూ అడగలేదు. కొత్త వస్తువుని చూపించడానికి దాన్ని చూసే మొహం చాలు అని నేను నమ్మడానికి మొదటి కారణం అదే.

టెస్లా సినిమాల్లో ‘ద ప్రెస్టీజ్’ (2006) ఒక్కటే నాకు నచ్చింది. ఆ ఒక్క షాట్ కోసమే, మంచులో గుచ్చిన బల్బులన్నీ తీగ లేకుండా ఒకేసారి వెలుగుతాయి చూడు. టెస్లాగా డేవిడ్ బోవీ వేశాడు, ఉండేది కాసేపే, ఎక్కువ మాట్లాడడు, అదే మేలు. ఈథన్ హాక్ వేసిన 2020 సినిమాలో టెస్లా మైకు పట్టుకుని పాట పాడతాడు, నాకు అర్థం కాలేదు, కుర్రవాళ్ళకి నచ్చిందంటున్నారు. 1980లో యుగోస్లావియాలో తీసినదాంట్లో ఆర్సన్ వెల్స్ బ్యాంకర్ మోర్గాన్‌గా ఉన్నాడు. అతనికోసం చూడు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతికి వస్తాను, ఇది సినిమాల్లో ఎక్కడా చూపించరు. బల్బు చేసిన ఎడిసన్ సినిమా స్టూడియో కట్టినప్పుడు దాన్ని దేంతో వెలిగించాడో తెలుసా? ఎండతో. 1893లో వెస్ట్ ఆరంజ్‌లో కట్టిన ఆ షెడ్డుని బ్లాక్ మరియా అనేవాళ్ళు, నల్ల తారు కాగితం చుట్టి ఉండేది, పైకప్పు తలుపులా తెరుచుకునేది, కింద గుండ్రటి పట్టా మీద షెడ్డు మొత్తాన్ని సూర్యుడు ఎటుంటే అటు తిప్పేవాళ్ళు. పొద్దుతిరుగుడు పువ్వు అనుకో. సొంత బల్బుని వాడుకోలేకపోయాడు. అప్పటి ఫిల్ము ఎరుపుకి గుడ్డిది, నీలం మాత్రమే బాగా పట్టేది, బల్బు వెలుగేమో ఎరుపూ పసుపూ. కాబట్టి చాలా ఏళ్ళపాటు సినిమా ఎండతో నడిచింది, తర్వాత కార్బన్ ఆర్కులతో (రెండు బొగ్గు కడ్డీల మధ్య నిప్పుతో వెలిగే లైట్లు), పాదరసం ఆవిరి ట్యూబులతో నడిచింది. మన మామూలు బల్బుకి స్టూడియోలో స్థానం దొరకడానికి మరో ముప్పయ్యేళ్ళు పట్టింది, అదీ రెండు కారణాల వల్ల. అన్ని రంగులూ పట్టే ప్యాంక్రోమాటిక్ ఫిల్ము వచ్చింది, మాటలొచ్చాయి. ఆర్క్ లైటు గుయ్యిమని మోగుతుంది, మైకు ఒప్పుకోదు. 1928లో హాలీవుడ్‌లో పనిగట్టుకుని బల్బులతో పరీక్షలు చేసి చూసుకున్నారు, ఇక అక్కడినుంచి బల్బుల రాజ్యం.

నేను చేరేనాటికి ఆర్కులు ఇంకా ఉన్నాయి, పెద్ద సెట్లకీ అవుట్‌డోర్‌కీ. రెండు బొగ్గు కడ్డీల మధ్య నిప్పు నిలబెట్టాలి, కడ్డీ అరిగేకొద్దీ జరపాలి, పొగ, వేడి, నల్లద్దం లేకుండా చూస్తే రాత్రంతా కళ్ళలో ఇసుక పోసినట్టుండేది. ఆర్కుకి కావాల్సింది డీసీ. అంటే ప్రపంచంలో అన్నిచోట్లా ఓడిపోయిన ఎడిసన్ కరెంటు స్టూడియోల్లో బతికింది! న్యూయార్క్‌లో కూడా మాన్‌హట్టన్‌లో కొన్ని పాత భవనాలకి డీసీ ఇస్తూ ఇస్తూ చివరికి 2007 నవంబర్‌లో ఆపారట. పెర్ల్ స్ట్రీట్ నుంచి లెక్కేస్తే 125 ఏళ్ళు.

ఆర్క్ అంటే ఇంకోటి గుర్తొచ్చింది, నీ కథకి ఇది పనికొస్తుందేమో చూడు. మా ఊరు గోదావరి కాలువ పక్కన. నా చిన్నప్పుడు ఊళ్ళో కరెంటు లేదు, లాంతర్లు, బుడ్డి దీపాలు, పెళ్ళికి పెట్రోమాక్స్. నేను మొట్టమొదట చూసిన కరెంటు దీపం ఏ ఇంట్లోనిదో కాదు, టూరింగ్ టాకీస్ డేరాది. ఆయిలింజను డుగుడుగుమని మొదలైతే పక్కూళ్ళకి కూడా తెలిసేది సినిమా వేస్తున్నారని. ముందు గేటు దగ్గర బల్బు వెలిగేది, ఎర్రగా మొదలై మెల్లగా తెల్లబడేది, దాని చుట్టూ పురుగులు. ఆ బల్బు కింద నిలబడ్డ టికెట్లవాడు మాకు ఎన్టీఆర్ కంటే గొప్పవాడు. సినిమా అయిపోయి ఇంజను ఆపేస్తే కమ్ముకునే చీకటి అంతకుముందు ఉన్న చీకటి కాదు, రెట్టింపు ఉండేది. మా ఊళ్ళాంటి ఊళ్ళెన్నిటికో సినిమా, కరెంటు ఒకే బండిలో వచ్చాయి. ప్రొజెక్టర్లో కూడా అదే కార్బన్ ఆర్కు. ఆ కరెంటు లేని రోజుల్లో సినిమా ఎంత ప్రమాదమో కూడా చెప్పాలి. 1897 మే 4న పారిస్‌లో ఒక దానధర్మాల సంతలో ప్రొజెక్టరుకి ఈథర్‌తో (ఇట్టే అంటుకునే ద్రవం) వెలిగే దీపం వాడారు, ఈథర్ నింపుతూ అగ్గిపుల్ల గీశారు, వందమందికి పైగా కాలిపోయారు. బల్బు గొప్పతనం అది వెలగడంలోనే లేదు, మంట లేకుండా వెలగడంలో ఉంది.

సరే, కరెంటు దీపం గురించి నిజంగా మంచి సినిమాలేవి? నా లెక్కలో మొదటిది సత్యజిత్ రాయ్ ‘జల్సాఘర్’ (1958). అది కరెంటు సినిమా అని ఎవరూ అనరు, చితికిపోయిన జమీందారు సంగీతం పిచ్చి కథ అంటారు. నేనైతే కరెంటు కథే అంటాను. ఈ జమీందారు ఇంట్లో కొవ్వొత్తుల షాండ్లియరు, పక్కన కొత్తగా డబ్బు చేసిన మహిమ్ గంగూలీ ఇంట్లో కరెంటు. ఆ వెలుగు కంటే ముందు జనరేటరు చప్పుడు వస్తుంది మన పెద్దాయన చెవిలోకి. వెలుగుని చప్పుడుతో చూపించడం! చివర్లో కొవ్వొత్తులు ఒక్కొక్కటీ ఆరిపోతుంటే ఆయన హడలిపోతాడు, తెల్లారుతోందని నౌకరు చెప్పాల్సొస్తుంది. కెమెరా సుబ్రత మిత్రా. ఈ సుబ్రత మిత్రానే అంతకుముందు రాయ్ సినిమా ‘అపరాజితో’కి కాశీ ఇంటి వాకిలి సెట్టులో పైన గుడ్డ కట్టి దానిమీద లైటు కొట్టి ఆకాశపు వెలుగు తెచ్చాడు. మేమంతా తర్వాత బౌన్స్ బౌన్స్ అని తిరిగింది దాని వెనకాలే.

రెండోది ‘స్వదేశ్’ (2004), ఇది నువ్వు చూసే ఉంటావు. నాసాలో పనిచేసే మోహన్ ఊరివాళ్ళ చేత నీళ్ళు కట్టించి చిన్న టర్బైను తిప్పి కరెంటు తెస్తాడు. పాటలు ఎక్కువ, నిడివి ఎక్కువ, హీరో పాఠాలు ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ బల్బు మినుకుమినుకుమని నిలబడ్డాక కెమెరా బల్బు మీద ఉండదు, ముడతలు పడ్డ ముసలావిడ మొహం మీద ఉంటుంది. ఆవిడ అనేది ఒక్క మాట, కరెంటని. డప్పులు కొట్టాల్సిన చోట గుసగుస పెట్టాడు డైరెక్టరు. మహారాష్ట్ర నర్మదా లోయలో బిల్గావ్ అనే ఆదివాసీ ఊరు శ్రమదానంతో సొంతంగా కరెంటు తెచ్చుకోవడం, అమెరికా నుంచి తిరిగొచ్చి కరెంటు లేని బడుల కోసం తొక్కితే వెలిగే జనరేటరు మీద పనిచేసిన రవి కూచిమంచి, అరవింద పిల్లలమర్రి దంపతుల పని, ఇవి ఆ సినిమాకి ప్రేరణ అని అప్పట్లో పత్రికల్లో బాగా వచ్చింది. పేర్లు చూశావుగా, మనవాళ్ళే.

మూడోది కొంచెం పక్కకి పోతుంది, ‘గ్యాస్‌లైట్’. 1944లో ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కి ఆస్కార్ వచ్చినది. మొగుడు పైన గదిలో గ్యాసు దీపం వెలిగిస్తే కింద గదిలో దీపం తగ్గుతుంది, ఆవిడకి పిచ్చెక్కిందని అతను నమ్మిస్తాడు. దీపం తగ్గడం ఒక్కటే మీద సినిమా మొత్తం నిలబెట్టారు. లైట్ డిపార్ట్‌మెంట్‌లో చేరే ప్రతి కుర్రాడికీ నేను చూడమని చెప్పే సినిమా అది. వాళ్ళు చూడరు.

ఇక నీ షాట్.

ఫ్రేములో ఉన్న బల్బు నిజంగా గదిని వెలిగించదు, వెలిగిస్తే బల్బు తెల్లటి మచ్చయిపోతుంది, ఫిలమెంటు కనపడదు. కాబట్టి 15 లేదా 25 వాట్ల క్లియర్ గాజు బల్బు పెట్టు, దాన్ని డిమ్మర్ మీద ఉంచు, మొహాల మీద పడే వెలుగు ఫ్రేము బయట అదే దిక్కులో పెట్టిన వేరే లైటు నుంచి రావాలి, అది కూడా ఇంకో డిమ్మర్ మీద. రెండు డిమ్మర్లూ ఒకే చేతిలో ఉండాలి. ఇద్దరు మనుషులు తిప్పితే ఒక టేకూ కుదరదు. బల్బు ఎర్రగా మొదలవ్వాలి, సగం క్షణం ఆలస్యంగా మొహం మీదకి వెలుగు రావాలి. మేము బల్బుకి కెమెరా వైపున్న గాజుకి మాత్రం పల్చగా మసి పూసేవాళ్ళం, వెనక్కి వెలుగు పోతుంది, కెమెరాకి కళ్ళు చెదరవు.

ఎల్ఈడీ ‘ఎడిసన్ బల్బులు’ అని హోటళ్ళలో వేలాడదీస్తారు, వాటి జోలికి పోకు. డిమ్ చేస్తే ఎర్రబడవు, కెమెరాలో మినుకుతాయి. ఒకసారి ఒక సీరియల్‌కి మొత్తం రాత్రి సీను చవకరకం ఎల్ఈడీలతో కానిచ్చారు, నేను వద్దన్నాను, వినలేదు, మర్నాడు ఎడిటింగులో చూస్తే గోడలన్నీ చారలు చారలుగా పాకుతున్నాయి, మొత్తం మళ్ళీ తీశారు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకి 24 ఫ్రేములకి కెమెరా షట్టరు 172.8 డిగ్రీలు పెట్టు, అంటే సెకనులో యాభయ్యో వంతు. మామూలు బల్బుకి అది చాలు.

రంగు గురించి అందరూ చేసే తప్పు నువ్వూ చేయకు. పాత కాలం అనగానే బల్బుని తేనె రంగులోకి లాగేస్తారు. లాంతరు వెలుగు 1900 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత, అంకె పెరిగేకొద్దీ ఎరుపు తగ్గి తెల్లబడుతుంది) దగ్గర ఉంటుంది, మామూలు బల్బు 2700. అంటే లాంతరు అలవాటైన కళ్ళకి బల్బు తెల్లగా కనిపిస్తుంది. ఆ రోజు ఆ ఊరికి కొత్తగా తోచింది ఆ తెలుపే. కాబట్టి అదే షాట్‌లో లాంతరుని ఉంచు, ఆర్పించకు. వెలుగుతున్న లాంతరు పక్కన బల్బు వెలగాలి, అప్పుడు లాంతరు పాలిపోవాలి, జనం దాన్ని చూడటం మర్చిపోవాలి. కెమెరా వైట్ బ్యాలెన్సు (ఏ వెలుగుని తెలుపుగా చూడాలో చెప్పే సెట్టింగు) బల్బుకి దగ్గరగా 2800, 3000 దగ్గర కట్టేస్తే లాంతరు తనంతట తనే ఎర్రబడుతుంది, నువ్వు ఏమీ చేయక్కర్లేదు.

స్క్రిప్టులో జనం చప్పట్లు కొట్టారని రాశావు. కొట్టరు. మా ఊళ్ళో రామాలయం దగ్గర మొదటి బల్బు వెలిగినప్పుడు ముందు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత మా నాయనమ్మ దానికి దండం పెట్టింది, ఆవిడని చూసి మిగతావాళ్ళు. సంజవేళ దీపం పెడితే దండం పెట్టడం అలవాటు కదా, చెయ్యి దానంతటదే లేస్తుంది. తర్వాత ఎవరో పిల్లాడు స్విచ్చి కోసం కొట్టుకున్నాడు. బల్బుని ఊదే తాత జోకు మాత్రం తీసేయ్, వంద సినిమాల్లో అరిగిపోయింది. దానికి బదులు రాత్రి అన్నాల వేళకి వోల్టేజీ పడిపోయి బల్బు మళ్ళీ ఎర్రబడటం పెట్టు, మా ఊళ్ళో మొదటి వారంలోనే అది జరిగింది, లాంతర్లు మళ్ళీ అటకమీంచి దిగాయి.

చప్పుడు సంగతి సౌండ్ కుర్రాడికి చెప్పు, బల్బు వెలిగే క్షణంలో సంగీతం వద్దు. స్తంభం గుయ్యిమనడం, పురుగు గాజుకి కొట్టుకునే టిక్కు టిక్కు, అంతే.

పాత బల్బులు ఎక్కడ దొరుకుతాయని చివర్లో అడిగావు. హైదరాబాద్‌లో అయితే కోఠి దగ్గర ట్రూప్ బజార్‌లో ఎలక్ట్రికల్ కొట్లన్నీ తిరుగు, లోపల అట్టపెట్టెల్లో ఉంటాయి, అడిగితే తీస్తారు. క్లియర్ గాజు, 25 వాట్లు అని గట్టిగా చెప్పు, లేకపోతే పాల రంగువి అంటగడతారు. పది కొను, నాలుగు రవాణాలోనే పోతాయి, రెండు డిమ్మరు మీద పోతాయి. పింగాణీ హోల్డరు, మెలితిప్పిన గుడ్డ వైరు కూడా వెతుక్కో, కానీ ఆ పాత వైరులోకి నిజం కరెంటు పంపకు, లోపల కొత్త వైరు దూర్చి పంపు. ఊళ్ళో తీస్తున్నావు, పిల్లలు ముట్టుకుంటారు.